సిఫారసుల మనిషికి ఇరవై మూడు ఉత్తరాలు



మా చెల్లెలి కూతురు పెళ్ళి చేసుకుని న్యూయార్కు వెళ్ళింది. నెల తిరక్కుండా ఫోను చేసి, "దొడ్డమ్మా, ఇక్కడ లెక్సింగ్టన్ అవెన్యూలో దినుసుల కొట్టు ఒకటి కనిపెట్టాను. కందిపప్పు, ఇంగువ, చింతపండు అన్నీ దొరుకుతున్నాయి" అని సంబరపడిపోయింది. ఆ తరవాత, "ఆ కొట్టున్న ఇంట్లోనే పూర్వం ఒక అమెరికా ప్రెసిడెంటు ఉండేవాడట. ఆయన ప్రమాణస్వీకారం కూడా అక్కడే చేశాడట. ఫలకం కూడా పెట్టారు. పేరు చెస్టర్ ఆర్థర్‌ట. నువ్వు రేడియోలో మాట్లాడతావుగా, ఎవరాయన?" అని అడిగింది.

నాకేం తెలుస్తుంది చెప్పండి! పదో తరగతితో ఆగిన చదువు నాది. వాషింగ్టన్ పేరు విన్నాను, లింకన్ పేరు విన్నాను, కెనెడీని ఎరుగుదును. ఈ ఆర్థర్ ఎవరో! కానీ అడిగింది చిన్నపిల్ల, తెలీదు అనడానికి నామోషీ. "కనుక్కుని చెప్తానుండు" అన్నాను. మర్నాడు వంట కాగానే లైబ్రరీకి వెళ్ళి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఒక పూటలో అయిపోతుందనుకున్న పని మూడు వారాలు పట్టింది. ఆయన కథలో ఒకావిడ కనిపించింది. ఆవిణ్ణి వదిలిపెట్టి రాలేకపోయాను. అందుకే ఈ ప్రసంగం.

మొదట ఆయన సంగతి. 1829 అక్టోబరు 5న వెర్మాంట్ రాష్ట్రంలో ఫెయిర్‌ఫీల్డ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఐర్లండు నుంచి వచ్చిన క్రైస్తవ బోధకుడు. బానిసల వ్యాపారం పాపమని నిర్మొహమాటంగా బోధించేవాడు. అలాంటి మాటలు కిట్టనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదా, ఒక ఊళ్ళో నిలకడగా ఉండనిచ్చేవారు కారు. కుటుంబం ఆ ఊరూ ఈ ఊరూ తిరుగుతూనే ఉండేది. కుర్రవాడు యూనియన్ కాలేజీలో చదివి, 1848లో పట్టా పుచ్చుకుని, కొన్నాళ్ళు బడిపంతులుగా చేసి, తరవాత న్యూయార్కు వెళ్ళి ప్లీడరయ్యాడు.

ఇక్కడ ఒక కేసు గురించి చెప్పాలి. ఇది నాకెంతో నచ్చింది. 1854 జూలైలో ఒక ఆదివారం ఎలిజబెత్ జెన్నింగ్స్ అనే నల్లజాతి టీచరమ్మ చర్చికి బయల్దేరి గుర్రాలు లాగే ట్రాం ఎక్కింది. చర్చిలో ఆర్గన్ వాయించేది ఆవిడే. ఆలస్యమైపోతోందని హడావిడి. కండక్టరు దిగమన్నాడు, నల్లవాళ్ళ బండి వెనకాల వస్తుంది, అందులో రమ్మన్నాడు. ఆవిడ దిగనంది. పట్టుకుని లాగితే కిటికీ చట్రాన్ని పట్టుకు వేళ్ళాడిందట. చివరికి పోలీసు సాయంతో రోడ్డుమీదకి నెట్టేశారు. ఆవిడ ఊరుకోలేదు, కోర్టుకి వెళ్ళింది. ఆవిడ తరఫున వాదించింది ఈ ఆర్థరే. అప్పటికాయనకి పాతికేళ్ళు. 1855లో కేసు గెలిచారు. ఆవిడకి 225 డాలర్లు నష్టపరిహారం వచ్చింది. ఆ కంపెనీ తన బళ్ళలో నల్లవాళ్ళనీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఆ దేశంలో రోజా పార్క్స్ అనే ఆవిడ బస్సులో సీటు వదలనన్నది 1955లో. అంటే ఇది దానికి సరిగ్గా నూరేళ్ళ కిందటి మాట.

ఇలాంటి కుర్రవాడు పెద్దయ్యాక ఎలా ఉండాలి? మనమైతే గాంధీగారి లాంటి మనిషి అవుతాడనుకుంటాం. కాలేదు. అసలు కథ అక్కడే ఉంది.

ఆ రోజుల్లో అమెరికాలో ప్రభుత్వోద్యోగం అంటే పరీక్షలూ ఇంటర్వ్యూలూ లేవు. ఎన్నికల్లో గెలిచిన పార్టీ పాతవాళ్ళని ఊడబెరికి, తనకి పనిచేసినవాళ్ళని కూర్చోబెట్టేది. పల్లెటూరి పోస్టుమాస్టరు దగ్గర్నుంచి పెద్దాఫీసు గుమాస్తా దాకా అందరిదీ అదే వరస. ఆర్థర్ పుట్టిన 1829లోనే ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడై ఈ పద్ధతికి గట్టి పునాది వేశాడు. ఉద్యోగం వచ్చినవాడు ఊరికే కూర్చోడానికి లేదు. జీతంలో నూటికి ఇంత అని పార్టీకి చందా కట్టాలి. ఎన్నికలప్పుడు తిరగాలి. కట్టకపోతే, తిరగకపోతే, ఇంటికి పోవాలి. ఆ ఇంట్లో ఇల్లాలి పరిస్థితి ఆలోచించండి. జీతం వస్తుందో రాదో తెలియదు. వచ్చినా ఎంత చేతిలో పడుతుందో తెలియదు. నాలుగేళ్ళకోసారి ఎన్నికలు. పప్పూ ఉప్పూ అప్పు తెచ్చుకునేటప్పుడు కొట్టువాడికి ఏమని చెబుతుంది?

న్యూయార్కు రాష్ట్రంలో ఈ వ్యవహారమంతా రాస్కో కాంక్లింగ్ అనే సెనేటరు గుప్పిట్లో ఉండేది. మనిషి ఆజానుబాహువు, మంచి వక్త, పరమ అహంకారి. ఆర్థర్ ఆయన శిష్యుడైపోయాడు. అంతర్యుద్ధంలో న్యూయార్కు సైనికులకి గుడ్డా గూడూ సమకూర్చే పెద్ద బాధ్యత మోసి, లంచం ముట్టుకోకుండా ఇవతలికొచ్చిన మనిషే ఈయన. అయినా చేరవలసిన చోటికే చేరాడు. 1871లో ప్రెసిడెంటు గ్రాంటు ఈయన్ని న్యూయార్కు రేవు కలెక్టరుగా వేశాడు. కలెక్టరంటే మన జిల్లా కలెక్టరనుకునేరు. ఓడల మీద దిగే సరుకుకి సుంకం వసూలుచేసే అధికారి. దేశం మొత్తానికి వచ్చే సుంకాల్లో సగానికి మించి ఆ ఒక్క రేవులోనే వసూలయ్యేవి. ఆయన చేతికింద వెయ్యిమంది ఉద్యోగులు. ఎవరైనా సరుకుకి దొంగలెక్క చూపి పట్టుబడితే, ఆ జరిమానాలో అధికారికి వాటా ఉండేది. అది చట్టప్రకారమే. ఆ వాటాలూ జీతమూ కలిపి ఏడాదికి యాభై వేల డాలర్లు దాటేవిట. అప్పట్లో దేశాధ్యక్షుడి జీతం కంటే ఎక్కువన్నమాట.

మంచి ఇల్లు, మంచి బట్టలు, మంచి భోజనం. ఆఫీసుకి తీరిగ్గా మధ్యాహ్నానికి వెళ్ళడం, రాత్రి పార్టీ పెద్దలతో చుట్టలు కాలుస్తూ ఒంటిగంటా రెండింటిదాకా కబుర్లు. తన చేత్తో లంచం పుచ్చుకున్నాడని ఎవరూ రుజువు చేయలేదు. కానీ వెయ్యి ఉద్యోగాల్నీ పార్టీకి అప్పజెప్పినవాడు చేతులు కడుక్కుని ఏం లాభం? 1877లో కొత్త అధ్యక్షుడు హేస్ ఒక కమిషన్ వేయిస్తే, నూటికి ఇరవైమందిని తీసేసినా పని ఆగదని తేలింది. 1878లో హేస్ ఈయన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. పత్రికల్లో ఎవరూ పెద్దగా రాయరు గానీ మనకి ముఖ్యం. ఆయన భార్య పేరు ఎలెన్. వాళ్ళ నాన్నగారు నౌకాదళంలో అధికారి. 1857లో తుఫానులో మునిగిపోతున్న ఓడలోంచి ఆడవాళ్ళనీ పిల్లలనీ పడవల్లోకి దింపించి, తాను ఓడతోపాటే మునిగిపోయాడు. ఆ తండ్రికి కూతురీవిడ. చక్కగా పాడేది, కచేరీల్లో కూడా పాడేది. మొదటి పిల్లవాడు రెండున్నరేళ్ళకే పోయాడు. తరవాత ఒక కొడుకు, ఒక కూతురు. మొగుడు అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చేవాడు. విడిపోదామనే దాకా వచ్చిందని చరిత్రకారులు రాశారు. 1880 జనవరిలో ఆవిడకి జలుబు చేసి, న్యుమోనియాలోకి దిగింది. ఆయన అప్పుడు ఆల్బనీలో పార్టీ పనిమీద ఉన్నాడు. తంతి అందుకుని రైలెక్కి వచ్చేసరికి ఆవిడ స్పృహలో లేదు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. నలభైరెండేళ్ళు. ఆ తరవాత ఆయన మళ్ళీ పెళ్ళి మాట తలపెట్టలేదు. ప్రెసిడెంటయ్యాక వైట్ హౌసులో ఆవిడ ఫొటో ముందు రోజూ తాజాపూలు పెట్టించేవాడు. వైట్ హౌసుకి దగ్గర్లోనే ఉన్న చర్చికి ఆవిడ పేరుమీద ఒక రంగుటద్దాల కిటికీ చేయించి ఇచ్చి, రాత్రిళ్ళు తన గదిలోంచి కనిపించేలా లోపల దీపం పెట్టించమన్నాడు. బతికుండగా చేయని ముచ్చట్లు పోయాక చేయడం మన ఇళ్ళల్లోనూ చూస్తున్నదే. అందుకని ఆ పూలని నేను మరీ మెచ్చుకోలేను. కానీ ఆయనలో ఏదో కదిలిందని మాత్రం ఒప్పుకుంటాను.

అదే ఏడాది వేసవిలో షికాగోలో రిపబ్లికన్ పార్టీ మహాసభ. ముప్ఫయ్యారు సార్లు ఓట్లు వేస్తేగానీ అభ్యర్థి తేలలేదు. తేలినవాడు జేమ్స్ గార్‌ఫీల్డ్. ఇతను కాంక్లింగ్ వర్గం కాదు. ఓడిన వర్గాన్ని చల్లబరచడానికి ఉపాధ్యక్ష పదవి ఆర్థర్‌కి ఇస్తామన్నారు. కాంక్లింగ్ వద్దు పొమ్మన్నాడు. ఆర్థర్ మొట్టమొదటిసారి గురువు మాట కాదని, ఇంత గౌరవం నేను కలలో కూడా అనుకోలేదు, తీసుకుంటాను అన్నాడు. అలాగని మారిపోలేదు సుమండీ. ఉపాధ్యక్షుడై కూడా కాంక్లింగ్ పైరవీలకోసం ఆల్బనీలో తిరుగుతూనే ఉన్నాడు. సొంత ప్రెసిడెంటుకి వ్యతిరేకంగా!

1881 జూలై 2. వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో గార్‌ఫీల్డ్ మీద ఒకడు పిస్తోలు పేల్చాడు. వాడి పేరు గిటో. మతి స్థిమితం లేనివాడు. ఎన్నికలప్పుడు పార్టీకోసం ఏదో ఉపన్యాసం రాశాడట, దానికి బదులుగా తనని పారిస్‌లో రాయబార ఉద్యోగిగా వేయాలట. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇవ్వలేదని కాల్చాడు. కాల్చి ఊరుకోక, నేను ఫలానా వర్గం, ఇక ఆర్థరే ప్రెసిడెంటు అని అరిచాడు. దేశమంతా గుప్పుమంది. ఆర్థర్ మనుషులే చేయించారేమోనని గుసగుసలు. ఆ సమయానికి ఈయన కాంక్లింగ్‌తో కలిసి ఆల్బనీ నుంచి పడవలో న్యూయార్కు వస్తున్నాడు. ఇంకేం కావాలి?

గార్‌ఫీల్డ్ వెంటనే పోలేదు. డెబ్బై తొమ్మిది రోజులు మంచం మీద తీసుకున్నాడు. డాక్టర్లు తూటా కోసం కడుక్కోని వేళ్ళతో గాయాన్ని కెలికి చీము పట్టించారు. తూటాకంటే వాళ్ళ వేళ్ళే ఆయన ప్రాణం తీశాయని ఇప్పటి వైద్యులు అంటారు. ఆ రెండున్నర నెలల్లో ఎక్కువ భాగం ఆర్థర్ న్యూయార్కు ఇంట్లోనే ఉండిపోయాడు. వాషింగ్టన్ వెళితే పదవికోసం కాచుకు కూచున్నాడంటారు. వెళ్ళకపోతే చేతకానివాడంటారు. పేపరు తెరిస్తే తిట్లు.

అప్పుడొచ్చింది ఆ ఉత్తరం.

రాసింది జూలియా సాండ్. పేరు గుర్తుంచుకోండి. న్యూయార్కులోనే, డెబ్బై నాలుగో వీధిలో అన్నగారింట్లో ఉండేది. అన్న బ్యాంకులో పెద్ద ఉద్యోగి. ఈవిడకి ముప్ఫయ్యొకటో ముప్ఫయ్ రెండో ఉంటాయి. పెళ్ళి కాలేదు. వెన్నునొప్పి, కాలు సరిగా సాగదు, చెవులు కూడా సరిగా వినిపించవు. రోజులో ఎక్కువ భాగం సోఫాలోనే. చేసేదల్లా పేపర్లు చదవడం. అలా చదివి చదివి, దేశ రాజకీయాలు ఆపోశనం పట్టేసింది. అమెరికాలో ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు హక్కు 1920లో గానీ రాలేదు. అంటే ఈవిడకి ఓటు లేదు. ఆర్థర్‌తో ముఖపరిచయం లేదు. పార్టీలో ఎవరూ తెలియదు. ఎవరి సిఫారసూ లేకుండా, తపాలా బిళ్ళ అంటించి, 1881 ఆగస్టు 27న నేరుగా ఆయనకే రాసింది.

ఏమని రాసింది? మెత్తగా రాయలేదు. గార్‌ఫీల్డ్ ఘడియలు లెక్కపెడుతున్నాడు, ఈ ఉత్తరం మీకు చేరేలోపే మీరు అధ్యక్షులు కావచ్చు అంది. దేశం ఏడుస్తోంది, కానీ ఆయన పోతున్నాడని కాదు, తరవాత వచ్చేది మీరని ఏడుస్తోంది, ఆ సంగతి మీకు తెలుసా అని అడిగింది. ఆలోచించండి, ఎవరనగలరు ఆ మాట! ఆయన చుట్టూ ఉన్నవాళ్ళంతా ఉద్యోగాలకి ఆశపడేవాళ్ళే. అంతటితో ఆపితే అది తిట్లపురాణం అయ్యేది. అక్కడితో ఆపలేదు. మీలో మంచితనం నిప్పురవ్వంత ఉన్నా అది బయటపడే సమయం ఇదే అంది. అసలు తప్పే చేయనివాడి గొప్ప కంటే, చేసిన తప్పు తెలుసుకుని దానికి ఎదురు తిరిగినవాడి గొప్ప ఎక్కువ అంది. రాజీనామా చేసి పారిపోమని కొందరంటారు, చేయొద్దు, మారి చూపించండి అంది. నా మాటల్లో సారాంశం చెప్పాను గానీ, ఆవిడ వాక్యాల్లో ఉన్న కత్తివాదర నాకు పట్టుబడదు.

సెప్టెంబరు 19 రాత్రి గార్‌ఫీల్డ్ పోయాడు. తంతి వచ్చేసరికి పొద్దుపోయింది. పత్రికల వాళ్ళు వెళ్ళి తలుపు తడితే, అయ్యగారు బల్లమీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు, నేను పిలవలేను అన్నాడట నౌకరు. తెల్లవారుజామున రెండుంబావుకి, ఇంటి ముందుగదిలో ఒక జడ్జీగారిని పిలిపించి ప్రమాణం చేశాడు. అదే మా అమ్మాయి కందిపప్పు కొనుక్కునే ఇల్లు, 123 నంబరు. అధ్యక్షులలో న్యూయార్కు నగరంలో ప్రమాణం చేసింది ఇద్దరే. మొదటివాడు జార్జి వాషింగ్టన్, రెండోవాడు ఈయన.

ఇక కాంక్లింగ్ వచ్చాడు. శిష్యుడు గద్దెనెక్కాడు కదా, మన రాజ్యమే అనుకున్నాడు. న్యూయార్కు రేవులో గార్‌ఫీల్డ్ వేసిన కలెక్టరుని తీసేయమన్నాడు. గొడవంతా మొదలైందే ఆ ఉద్యోగం దగ్గర. ఆర్థర్ తీయనన్నాడు. ఆ ఉద్యోగం ఇలా పంచిపెట్టే అలవాటు ఈయనదే, ఆ కుర్చీలో ఏడేళ్ళు కూచున్నవాడూ ఈయనే. అయినా తీయనన్నాడు. కాంక్లింగ్ మండిపడి వెళ్ళిపోయాడు. పాత స్నేహితులు ఈయన్ని చూసి, మన చెట్ అయితే ఎంత బావుండేవాడు, ఈ ప్రెసిడెంటుగారు మనవాడు కాదు అన్న ధోరణిలో వాపోయేవారు. తరవాత పాత రుణం తీర్చుకోవడానికి కాబోలు, కాంక్లింగ్‌కి సుప్రీం కోర్టు జడ్జీ పదవి ఇవ్వజూపాడు. సెనేట్ ఒప్పుకుంది కూడా. ఆ మహానుభావుడే అక్కరలేదన్నాడు. ఈ పని నాకు నచ్చలేదు.

జూలియా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మంచి చేస్తే మెచ్చుకునేది. పాతవాళ్ళతో మళ్ళీ కనిపిస్తే చివాట్లు పెట్టేది. పూర్వం రాజుల కొలువుల్లో మరుగుజ్జులుండేవారు, రాజుకి ముఖాన నిజం చెప్పే చనువు వాళ్ళకొక్కళ్ళకే ఉండేది. మీకు నేనే ఆ మరుగుజ్జుని అనుకోండి అని రాసుకుంది. మీరు జవాబెందుకు రాయరని కూడా నిష్ఠూరమాడింది. 1882 ఆగస్టు 20, ఆదివారం సాయంత్రం. వీధిలో బండి ఆగింది. ఈవిడ భోజనం అయీ కాకుండా సోఫాలో పడుకుని ఉంది. ఎవరో బోధకుడనుకుందట. చూస్తే, ఎత్తుగా, దర్జాగా, బుగ్గమీసాలతో అమెరికా అధ్యక్షుడు! చెప్పా పెట్టా లేకుండా చుట్టం వచ్చినట్టు వచ్చాడు. దాదాపు గంటసేపు కూర్చున్నాడు. ఇంట్లోవాళ్ళందరూ గదిలోకి వచ్చేసరికి ఈవిడ బిడియంతో తెరచాటుకు వెళ్ళిపోయింది. ఉత్తరాల్లో అంత ధాటీగా రాసిన మనిషి! వెళ్ళిపోయాక, అడగాలనుకున్నవేవీ అడగలేదే అని మథనపడింది. మనకీ అంతే కదా. పెద్ద మనిషి గడప దాటాకే అనవలసిన మాట గుర్తొస్తుంది.

ఇక ఆయన్ని చరిత్రలో నిలబెట్టిన పని. జార్జి పెండిల్టన్ అనే సెనేటరు ఒక బిల్లు తెచ్చాడు. పెండిల్టన్ అవతలి పార్టీవాడు. ప్రభుత్వోద్యోగాలు పరీక్షలు పెట్టి యోగ్యులకే ఇవ్వాలని ఆ బిల్లు. ఆర్థర్‌కి మొదట్లో పరీక్షల మీద కొంచెం అనుమానం ఉండేది. అనుభవం ఉన్న పెద్దవాళ్ళు పరీక్షల్లో పడుచువాళ్ళతో పోటీపడలేరని. కానీ 1882 నవంబరు ఎన్నికల్లో ఆయన పార్టీ చావుదెబ్బ తిన్నది. ప్రజల కోపం కళ్ళారా చూశాక, డిసెంబరులో కాంగ్రెసుకి పంపిన సందేశంలో బిల్లుని గట్టిగా సమర్థించాడు. ఉద్యోగుల దగ్గర పార్టీ చందాలు గుంజడం ఆపాలని కూడా అన్నాడు. చందాలు గుంజిన చేతితోనే! 1883 జనవరి 16న సంతకం పెట్టాడు.

అంతా జూలియా చలవే అనడం సబబు కాదు. గార్‌ఫీల్డ్ చావు ఉంది, సంస్కరణవాదుల ఏళ్ళ తరబడి శ్రమ ఉంది, ఓటమి భయం ఉంది. కానీ సంతకం పెట్టాక దాన్ని నీరుగార్చడం ఎంత సేపు? ఈయన నీరుగార్చలేదు. ఆ చట్టాన్ని రాసిన డార్మన్ ఈటన్‌నే కమిషన్ అధిపతిగా వేశాడు. ఈటన్ బ్రిటిష్ పద్ధతి మీద పుస్తకం రాసినవాడు. బ్రిటిష్ వాళ్ళు పోటీపరీక్షలు మొదట పెట్టింది ఎవరికోసమనుకున్నారు? మన దేశాన్ని ఏలే ఐ.సి.ఎస్. ఉద్యోగుల కోసం, 1855లో, లండన్‌లో. అంటే ఇవాళ మన ఇళ్ళల్లో పిల్లలు గ్రూప్ పరీక్షలకి అర్ధరాత్రిదాకా దీపం పెట్టుకుని చదువుతుంటే మనం కాఫీలు కాచి ఇస్తున్నామే, ఆ పరీక్షలకీ అమెరికా పరీక్షలకీ మూలం ఒకటేనన్నమాట. ఇది చదివాక మా అబ్బాయి పుస్తకాలు సర్దుతుంటే నాకు నవ్వొచ్చింది.

ఆ చట్టంలో కొన్ని ముచ్చటైన షరతులున్నాయి. విపరీతంగా తాగే అలవాటున్నవాడికి ఉద్యోగం ఇవ్వకూడదట. ఒక కుటుంబంలో ఇద్దరికి అప్పటికే ఆ తరగతి ఉద్యోగాలుంటే, మూడోవారికి లేదట. చందా ఇవ్వలేదని ఎవర్నీ తీసేయకూడదు. మొదట్లో ఇది పదిశాతం ఉద్యోగాలకే వర్తించింది, సుమారు పద్నాలుగు వేల ఉద్యోగాలకి. ఇంతేనా అని అప్పుడు పెదవి విరిచినవాళ్ళున్నారు. కానీ తరవాత వచ్చిన అధ్యక్షులు ఒక్కొక్కరే దాన్ని పెంచుకుంటూ పోయారు.

మనకి సంతోషం కలిగించే సంగతి ఇంకొకటుంది. ఆ ఏడాదే సెప్టెంబరులో పరీక్ష రాసి, మొదటి స్థానంలో వచ్చి, ఖజానా శాఖలో గుమాస్తా ఉద్యోగం సంపాదించిన ఆడపిల్ల ఉంది. మేరీ ఫ్రాన్సిస్ హాయిట్. ఏడాదికి తొమ్మిది వందల డాలర్లు జీతం. ఆ చట్టం కింద ఉద్యోగంలో చేరిన మొదటి స్త్రీ. ఓటు లేదు, ఉద్యోగం వచ్చింది. ఏ సెనేటరు గుమ్మం ముందూ నిలబడకుండా వచ్చింది.

ఆర్థర్‌ని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. 1882లో చైనావాళ్ళు కూలిపనులకి అమెరికా రాకూడదని కాంగ్రెసు ఇరవైయేళ్ళ నిషేధం పెడితే, మొదట తిప్పికొట్టాడు. శభాష్ అనుకుంటాం. నెల తిరిగాక పదేళ్ళని మార్చి తెస్తే సంతకం పెట్టేశాడు. పదేళ్ళన్న ఆ నిషేధాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ 1943 దాకా లాగారు. ఎన్ని వేల ఇళ్ళల్లో మొగుడొకచోట, పెళ్ళామొకచోట అయిపోయారో! టీచరమ్మ తరఫున కోర్టులో నిలబడిన మనిషి ఇక్కడ నిలబడలేదు. తపాలా కాంట్రాక్టుల్లో డబ్బు తిన్న సొంత పార్టీవాళ్ళ మీద కేసులు నడిపించాడు గానీ, వాళ్ళు చివరికి తప్పించుకున్నారు. అనవసరపు ఖర్చుల బిల్లు ఒకటి తిప్పికొడితే, కాంగ్రెసు ఆయన్ని కాదని పాసు చేసుకుంది. పాత చెక్క ఓడల స్థానంలో ఉక్కు ఓడలు కట్టించడం మాత్రం ఈయన కాలంలోనే మొదలైంది.

దర్జా మాత్రం చావలేదు. వైట్ హౌసు పాతబడిందని, కాపురం పెట్టనని మొండికేసి, ఇరవై నాలుగు బళ్ళ సామాను వేలం వేయించి, టిఫనీ అనే ప్రసిద్ధ కళాకారుడితో రంగుటద్దాలు పెట్టించాడు. ప్యాంట్లే ఎనభై ఉండేవట! ఇంటికి ఆడదిక్కు లేదు గనక చెల్లెలు మేరీ వచ్చి ఆ ఇంటి పెత్తనం చూసుకుంది. చిన్నపిల్ల నెల్లిని పెంచిందీ ఆవిడే.

ఆయనకి కిడ్నీ జబ్బు ఉందని 1882లోనే డాక్టర్లు చెప్పారు. అప్పటికి దానికి మందు లేదు. ఎవరికీ తెలియనివ్వలేదు. విందుల్లో నవ్వుతూ కూచునేవాడు, లోపల ఒళ్ళు చచ్చుబడిపోయేది. 1884లో పార్టీ మళ్ళీ టిక్కెట్టు ఇవ్వలేదు. సంస్కరణవాదులు పూర్తిగా నమ్మలేదు, పాతవాళ్ళు క్షమించలేదు. తానూ గట్టిగా ప్రయత్నించలేదు. గెలిచినా బతకనని తనకి తెలుసు. 1885 మార్చిలో దిగిపోయి, అదే లెక్సింగ్టన్ అవెన్యూ ఇంటికి చేరాడు. 1886 నవంబరు 18న అక్కడే కన్నుమూశాడు. యాభై ఏడేళ్ళు. ఆల్బనీలో ఎలెన్ పక్కనే సమాధి చేశారు.

చనిపోవడానికి ముందు తన కాగితాలన్నీ తగలబెట్టించాడు. చెత్తడబ్బాల నిండా ఉత్తరాలూ లెక్కలూ సిఫారసు చీటీలూ బూడిదైపోయాయి. ఎంతమంది పెద్దమనుషుల పరువు ఆ మంటలో దక్కిందో! జూలియా సాండ్ రాసిన ఇరవై మూడు ఉత్తరాలు మాత్రం ఆ మంటలో పడలేదు. ఇంట్లో భద్రంగా ఉండిపోయి, కొడుకు చేతికీ, తరవాత మనవడి చేతికీ వచ్చాయి. 1958లో అవి బయటపడి, వాషింగ్టన్‌లో కాంగ్రెసు వారి గ్రంథాలయానికి చేరాయి. అంతదాకా జూలియా సాండ్ అనే మనిషి ఒకావిడ ఉండేదని చరిత్ర రాసేవాళ్ళకే తెలియదు.

మొన్న ఆదివారం మా అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. ఇదంతా చెప్పాను. ఈసారి పప్పులు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు డెబ్బై నాలుగో వీధి మీదుగా తిరిగి వస్తానంది.